చక్రం మావిస్‌ది, కానీ

మా ఉత్తరపు చెరుకు ఊళ్ళల్లో మాట చివర "కానీ" అని ఆపేయడం అలవాటు. "ఎండ దంచేస్తోంది, కానీ." "చేపలు బాగానే పడ్డాయి, కానీ." ఆ తరవాత ఇంకేదో వస్తుందని కొత్తవాళ్ళు మన మొహంలోకి చూస్తూ ఉండిపోతారు. ఏమీ రాదు. అంతే, అయిపోయింది. ఎందుకలా అంటామో మాకూ తెలీదు. మా నాన్న అనేవాడు. చెరుకు కొట్టే ముఠాలో అందరూ అనేవాళ్ళు. మా ఆవిడ మావిస్ అయితే నోరు విప్పితే చాలు, అది దొర్లకుండా ఉండేది కాదు.

ఆ ఏడు చక్కెర మిల్లులో చెరుకు క్రషింగ్ మొదలైందని కూత పెట్టిన పొద్దున్నే మావిస్ వంటింట్లో పడిపోయింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేసరికి కుడి చెయ్యి చచ్చుబడిపోయింది. కుడి కాలు ఈడుస్తోంది. మాటలు పోయాయి. ఒక్కటి మిగిలింది. కానీ.

అలా ఒక్కో మాట మిగిలిపోతుందని డాక్టరు చెప్పాడు. కొందరికి తిట్టు మిగులుతుందిట. కొందరికి దేవుడి పేరు.

"మీ ఆవిడకి నయమే, పనికొచ్చేది మిగిలింది" అన్నాడు.

మా ఇంట్లో మాటలు మావిస్‌వి. నేను బడికి మూడేళ్ళు వెళ్ళాను. తరవాత చెరుకు కత్తి పట్టాను. ఆ తరవాత మిల్లుకి చెరుకు మోసే చిన్న రైలింజను నడిపాను. చెరుకుతో మాట్లాడక్కర్లేదు, ఇంజనుతోనూ అక్కర్లేదు. ఇంటికొస్తే మావిస్ చెప్పేది, నేను వినేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో గడియారం కొట్టుకోవడం వినపడుతోంది. దానికి అంత చప్పుడుందని నాకు అప్పటిదాకా తెలీదు.

మా స్కూలు తిరనాళ్ళు అక్టోబరులో. ఆ ఏడు పిల్లలకి ఈత కొలను కోసం. మేమంతా ఈత నేర్చుకున్న వాగులో మొసలి కనబడింది కదా, అప్పట్నుంచి ఎవరూ పిల్లల్ని నీళ్ళల్లోకి దించడం లేదు. సముద్రం పక్కనుండీ ఈత రాని పిల్లలు తయారవుతున్నారు. తిరనాళ్ళల్లో డబ్బు తెచ్చేది చాక్లెట్ చక్రం. పేరుకే చాక్లెట్. అక్టోబరు ఎండలో చాక్లెట్ పెడితే మధ్యాహ్నానికి పానకం. టికెట్ కొనాలి, చక్రం తిప్పితే ముల్లు ఏ అంకె మీద ఆగితే వాళ్ళకి బహుమతి. ఊళ్ళో కొట్టు కొట్టూ తిరిగి బహుమతులు పోగేసేది మావిస్. వాటిని సింగారించేది మావిస్. చక్రం తిప్పి, అరిచి, జనాన్ని నవ్వించి, తిట్టి టికెట్లు కొనిపించేదీ మావిసే.

సెప్టెంబరులో ఫిలిపా గారు మా ఇంటికొచ్చారు. హెడ్మాస్టరు భార్య. తిరనాళ్ళ కమిటీకి పెద్ద. కిందటేడే ఎక్కడో దక్షిణాన మెల్‌బోర్న్ నుంచి వచ్చారు. మంచి మనిషి. మాది మిగతా ఇళ్ళలాగే ఎత్తు స్తంభాల మీద కట్టిన ఇల్లు. అన్ని మెట్లూ కేకు పట్టుకుని ఎక్కొచ్చారు పాపం. కోతకి ముందు చేలల్లో చెరుకు ఆకు తగలబెట్టిన బూడిద నల్లగా ఎగిరొచ్చి కేకు మీద పడింది. చూసీ చూడనట్టు ఊదేశారు.

"మావిస్ గారూ, ఈ ఏడు మీరేం శ్రమ పెట్టుకోవద్దు" అన్నారు కూర్చుంటూనే. "బహుమతులు, చక్రం, అన్నీ మేం చూసుకుంటాం. మీరు నీడన కుర్చీలో కూచుని చూస్తే చాలు. సరేనా?"

"కానీ" అంది మావిస్.

ఫిలిపా గారి మొహం విప్పారింది. "ఎంత మంచి మనసండీ. నొచ్చుకుంటారేమోనని రాత్రంతా నిద్రపట్టలేదు నాకు. మీరేమో ఒక్క మాటలో కానిమ్మన్నారు."

టీ తాగారు. మావిస్ చెయ్యి పట్టుకుని ఊపారు. మెట్లు దిగారు.

నేను మావిస్ వైపు చూశాను. ఎడమ చెయ్యి మోకాలి మీద పిడికిలి బిగించి ఉంది. ఆ కానీ నేనెరుగుదును. కొత్త ఫ్రిజ్ ఇప్పుడెందుకని నేనన్నప్పుడల్లా విన్న కానీ అది. మా పెళ్ళికి వాళ్ళ నాన్న అడ్డు చెబితే, ఆయన మొహం మీద అన్న కానీ. ఇదివరకైతే దాని వెనక గుక్క తిప్పుకోకుండా అరగంట మాటలుండేవి. ఇప్పుడు వెనక ఏమీ లేదు. నా వైపు చూస్తోంది.

మెట్ల పైకి వెళ్ళి నిలబడ్డాను.

"ఆవిడ ఒప్పుకోలేదు" అన్నాను.

ఫిలిపా గారు కింద ఆగారు. "అదేమిటండీ, ఇప్పుడే కదా కానీ అన్నారు?"

"అది మీ కానీ కాదు. మా కానీ."

"రెండిటికీ తేడా ఏమిటండీ?"

"మీదాంట్లో పని మొదలవుతుంది. మాదాంట్లో పేచీ మొదలవుతుంది."

ఆవిడ ఒక మెట్టు పైకెక్కారు. కోపగించుకోలేదు. "సరే ఆల్బీ గారూ, మరి బహుమతుల కోసం ఊరంతా తిరగాలి. ప్రతి కొట్లోనూ మాట్లాడాలి, బతిమాలాలి. ఎవరు చేస్తారు?"

"నేను."

"మీరా" అన్నారు.

ఎగతాళిగా అనలేదు. నిజంగా ఆశ్చర్యపోయారు. అప్పుడు ఇంట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. ముందు దగ్గనుకున్నాను. మావిస్ నవ్వుతోంది. పడిపోయాక అదే మొదటిసారి నవ్వడం. నేను ఊళ్ళోకెళ్ళి మాట్లాడతానంటే నవ్వింది.

ఫిలిపా గారూ ఆ నవ్వు విన్నారు. "అలాగే కానివ్వండి" అన్నారు. "తిరనాళ్ళ ముందు రోజుకి బల్ల నిండాలి. నిండకపోతే నేను దిగుతాను. పిల్లల కొలను సంగతండీ. మొహమాటానికి పోయి పోగొట్టుకోలేం."

న్యాయమైన మాటే.

మొదట మాంసం కొట్టుకి వెళ్ళాను. క్లారీ కొట్టు. క్లారీ, నేను ఒకే ముఠాలో చెరుకు కొట్టినవాళ్ళం. ఏమనాలో బండిలో అనుకుంటూనే వెళ్ళాను. స్కూలుకి ఏమన్నా ఇస్తావా. అంతే. అదేం పెద్ద మాట.

"రావయ్యా ఆల్బీ. ఏం కావాలి?"

నేను మాంసం పెట్టిన గాజు పెట్టెలోకి చూశాను. "సాసేజీలు" అన్నాను.

పొట్లం కట్టి ఇచ్చాడు. డబ్బులిచ్చి వచ్చేశాను. మావిస్ పొట్లం విప్పి చూసింది, నా మొహం చూసింది.

"కానీ" అంది.

"తెలుసులే" అన్నాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ సాసేజీలు. "ఏమయ్యా, చుట్టాలు దిగారా?" అన్నాడు క్లారీ. ఆ పై రోజు నన్ను చూడగానే అడక్కుండానే పొట్లం కట్టేశాడు. ఐసు అర నిండిపోయి, ఫ్రిజ్‌లో పాలు పెట్టడానికీ చోటు లేదు. బహుమతి ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం మావిస్ ఎడమ చేత్తో మేకుకున్న టోపీ తీసుకుని నెత్తిన పెట్టుకుంది. టోపీ వంకరగా కూచుంది. మెట్ల దగ్గరికి నడిచింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ మెట్లు దిగింది లేదు. పై మెట్టు మీద చతికిలబడి, చిన్నపిల్లలు దిగినట్టు కూచుని కూచుని దిగడం మొదలుపెట్టింది. నేను చెయ్యందించబోయాను.

"కానీ."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ ముందు, నేను వెనక. కిందికి చేరేసరికి గౌను వెనక అంతా దుమ్ము. దులపనివ్వలేదు. వెళ్ళి బండిలో కూచుంది.

సాల్వో జప్పాలా ఇనప సామాన్ల కొట్టు దగ్గర ఆపమని వేలితో చూపించింది. సాల్వో వాళ్ళ తాత ఇటలీ నుంచి చెరుకు కొట్టడానికొచ్చాడు. సాల్వో చెరుకు ముట్టలేదు, మేకులమ్మి మమ్మల్నందర్నీ కొనేసేంతవాడయ్యాడు. మావిస్‌ని చూసి గల్లాపెట్టె వదిలేసి వచ్చాడు. రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"మావిసక్కా. ఎంత చిక్కిపోయావు. తిరనాళ్ళకేగా? నువ్వు అడగాలా నన్ను. ఇదిగో, మంచి టార్చి లైటు."

"కానీ" అంది మావిస్.

సాల్వో టార్చి వైపు చూశాడు. "అవునులే. పోయినేడూ టార్చే కొట్టాను నీ మొహాన. సరే, సుత్తి కూడా తీసుకో."

"కానీ."

సాల్వో నా వైపు చూశాడు. నేను గోడకి తగిలించిన పారల వైపు చూశాను.

"నిజమే. పిల్లల తిరనాళ్ళకి సుత్తేమిటి నా తలకాయ. ఆగు." లోపలికెళ్ళి చేపల గాలం కర్ర తెచ్చాడు. కొత్తది, చుట్టిన కాయితం కూడా విప్పలేదు. "ఇది చాలా?"

మావిస్ దగ్గరికి జరిగింది. గాలం కర్రని మెచ్చుకుంటున్నట్టు ఎడమ చేత్తో నిమిరింది. చాలాసేపు నిమిరింది. ఆ తరవాత మెల్లగా, "కానీ" అంది.

"పట్టిన చేపల్ని ఎండలో పెట్టుకుంటారా అంటావు. అంతేగా. ఐసు పెట్టె కూడా పట్టుకుపో. ఇంకేమిటక్కా? అలా చూడకు. ఇవన్నీ మోసుకెళ్ళేదెలా అంటావు, అదేగా? అదుగో, ఆ ఒంటి చక్రం తోపుడు బండి తీసుకో, అన్నీ దాంట్లో పెట్టుకో. ఇంక నోరు తెరవకక్కా, నీకు పుణ్యముంటుంది. మా ఆవిడ కార్మెలా పక్కగదిలోనే ఉంది, వింటుంది."

మావిస్ ఆయన చెంప మీద తట్టింది.

బండిలో కూచున్నాక అడిగాను. "కావాలనే అన్నావా?"

కిటికీలోంచి బయటికి చూస్తోంది. నోటి ఎడమ కొస పైకి లేచింది. కుడి కొస లేవదు ఇప్పుడు.

ఇన్నేళ్ళూ మావిస్ మాటలు చెప్పే జనం దగ్గర వస్తువులు రాబట్టుకొచ్చేదనుకున్నాను. కాదు. ఎదుటివాడు ఇవ్వాలనుకుంటూనే ఉంటాడు. వాడికి కాస్త చోటివ్వాలి. మాటలు గలగలా చెబుతూనే ఆవిడ ఆ చోటు వదిలేదన్నమాట. మాటలు పోయినా ఆ చోటు పోలేదు. నేనూ జీవితమంతా నోరు మూసుకునే ఉన్నాను. నేను ఊరుకుంటే తలుపు వేసినట్టుంటుంది. ఆవిడ ఊరుకుంటే కుర్చీ వేసినట్టుంటుంది.

క్లారీ దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. ఒక్క కానీకే పంది తొడ ఇచ్చాడు, మాంసం పళ్ళెం ఒకటి అలంకరించి ఇస్తానన్నాడు. తరవాత నా వైపు తిరిగాడు.

"అంటే ఇన్నాళ్ళూ నువ్వు అడగడానికొచ్చావా?"

"ఆఁ."

"మరి అడగవేం? నీ వల్ల నాకు సాసేజీలు చాలక రోజూ చెయ్యి నొప్పెట్టేదాకా మర తిప్పాను కదయ్యా."

ఇంటి కింద, స్తంభాల నీడలో బల్ల వేశాం. మావిస్‌కి ఒక పట్టింపుంది. బహుమతి ఏదైనా సరే, బల్ల మీద బోసిగా కూచోకూడదు. మెరుపు కాయితం చుట్టాలి, పైన రిబ్బను ఉండాలి, ఆ రిబ్బను ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుని వేలాడాలి. పప్పు డబ్బా అయినా అంతే. గెలిచినవాడు దాన్ని ఊళ్ళోంచి పట్టుకెళుతుంటే నలుగురూ తిరిగి చూడాలి. రిబ్బను అలా ఉంగరాలు తిరగాలంటే ఒక చేత్తో బిగబట్టి, రెండో చేత్తో కత్తెర అంచుని దాని మీద బరబరా లాగాలి. రెండు చేతుల పని.

నేను పట్టుకున్నాను. ఆవిడ లాగింది. మొదటిది తెగింది. నేను గట్టిగా పట్టానని. రెండోది జారిపోయింది. వదులుగా పట్టానని. చెరుకు కత్తి పట్టిన వేళ్ళు నావి, రిబ్బను ఉందో లేదో కూడా వాటికి తెలీదు. "కానీ" అని మళ్ళీ పట్టించింది. కాసేపటికి ఆవిడ ఊపిరి పీల్చగానే బిగించడం, వదలగానే సడలించడం తెలిసింది. అప్పుడు రిబ్బను సర్రున తిరిగింది. పాపాయి జుట్టులాగా. ఇద్దరం దాన్నే చూస్తూ కూచున్నాం.

అలా రోజూ సాయంత్రాలు. చేతులు పనిలో ఉంటే ఊరికే కూచోవడం ఇబ్బందనిపించింది. ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. మూడో నంబరు ఇంజను ఫలానా మలుపులో పట్టాలు తప్పిందట. పోస్టాఫీసు పిల్ల మిల్లు కుర్రాణ్ణి కాదని రైలు కుర్రాణ్ణి చేసుకుంటోందట. నేను విన్నవన్నీ. మావిస్ "కానీ" అనేది, అంటే ఇంకా చెప్పమని. తరవాత తరవాత ఏది ఏ కానీయో వెతుక్కోనక్కర్లేకపోయింది. గడియారం చప్పుడు ఎప్పుడు వినపడ్డం మానేసిందో గమనించలేదు.

తిరనాళ్ళ ముందు రోజు ఫిలిపా గారు వచ్చి బల్ల చుట్టూ తిరిగారు. తోపుడు బండి మీద రిబ్బను చూసి ఆగిపోయారు.

"మాట నిలబెట్టుకున్నారు, ఆల్బీ గారూ. ఇలాంటి బల్ల నేను మెల్‌బోర్న్‌లోనూ చూళ్ళేదు." గొంతు తగ్గించారు. "అయితే చక్రం సంగతేమిటి? కేక పెట్టాలి కదా. అంకెలు చెప్పాలి. నేను మైకు పట్టుకుంటాను. మావిస్ గారు పక్కనే కూచుంటారు. ఆవిడకి చెప్పి ఒప్పించండి."

నేను మాటిచ్చింది బహుమతుల వరకే. మావిస్ కానీ అని కూడా అనలేదు. అదే నాకు బాగాలేదు. రిబ్బను ముక్కలు ఏరి ఒక్కొక్కటే డబ్బాలో వేసుకుంది.

తిరనాళ్ళ రోజు ఎవరూ చెరుకు తగలబెట్టలేదు. ముందే మాట్లాడుకుంటారు రైతులంతా, కేకుల మీద బూడిద పడకుండా. ఎండ మాత్రం కాలుస్తోంది. మావిస్ చక్రం పక్కన కుర్చీలో కూచుంది, ఏటా పెట్టుకునే ఎర్ర టోపీ పెట్టుకుని. నేను పక్కనే ఇంకో కుర్చీ వేశాను. కూచోబుద్ధి కాలేదు.

ఫిలిపా గారు మైకు తీసుకున్నారు. చక్కటి గొంతు. రేడియోలో వార్తలు చదివినట్టు స్పష్టంగా ఉంది. "దయచేసి అందరూ టికెట్లు కొనండి. మన పిల్లల ఈత కొలను కోసం. మొదటి బహుమతి తోపుడు బండి." జనం చేతులు కట్టుకుని నిలబడ్డారు. వార్తలు విన్నట్టే విన్నారు. పిల్లలు నిమ్మరసం బల్ల వైపు పోయారు. టికెట్లు అమ్మే అమ్మాయి చేతిలో కట్ట అలాగే ఉంది. ఫిలిపా గారు మళ్ళీ చెప్పారు, ఇంకా మర్యాదగా. మెడ మీద చెమట కారుతోంది పాపం. జనం మావిస్ వైపు చూసి చూపు తిప్పుకుంటున్నారు.

మావిస్ లేచింది.

కాలీడ్చుకుంటూ చక్రం దగ్గరికొచ్చింది. ఎడమ చెయ్యి చక్రం మీద వేసింది. ఫిలిపా గారి వైపు తిరిగింది.

"కానీ" అంది.

ఫిలిపా గారు మైకు దించకుండానే నా వైపు చూశారు. "ఆల్బీ గారూ" అన్నారు. "ఇది ఎవరి కానీ?"

మైదానమంతా వినపడింది. అందరూ నా వైపు తిరిగారు. ఎదురుగా క్లారీ, సాల్వో, నాతో ఇంజను నడిపినవాళ్ళు. నేను నోరు విప్పడం వాళ్ళలో సగం మంది ఎరగరు.

"ఇది మీదే" అన్నాను. "మొదలుపెట్టమంటోంది."

ఫిలిపా గారు నన్ను చూశారు, మావిస్‌ని చూశారు. మైకు నా చేతిలో పెట్టి పక్కకి తప్పుకున్నారు.

మైకు వేడిగా ఉంది. రిబ్బను పట్టుకున్నట్టు పట్టుకున్నాను, మరీ బిగించకుండా.

"తోపుడు బండి" అన్నాను. "దాంట్లో గాలం. ఐసు పెట్టె. సాల్వో ఇచ్చాడు." ఇంకేం చెప్పాలో తెలీలేదు. "కార్మెలాకి తెలీదు."

కేకుల బల్ల వెనక నుంచి కార్మెలా గొంతు వచ్చింది. "ఇప్పుడు తెలిసింది."

నవ్వులు మొదలయ్యాయి. సాల్వో తలొంచుకుని టికెట్లు కొనడానికొచ్చాడు, తన బండి తనే గెలుచుకోవాలని. వెనకాలే మిగతావాళ్ళు వచ్చారు. నిమ్మరసం దగ్గర్నుంచి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. నేను మైకు మావిస్ నోటి దగ్గర పెట్టాను.

"కానీ" అంది, చక్రాన్ని ఒక్క తోపు తోసింది.

టకటకా టకటకా తిరిగింది చక్రం. ముల్లు ఆగింది. మిల్లు కాపలా అతను తోపుడు బండి గెలిచాడు. అంతే, ఇంక ఆగలేదు. నేను బహుమతి పేరు చెప్పి ఊరుకోవడం, మావిస్ కానీ అనడం. మూడో తిప్పుకల్లా పిల్లలు నేర్చేసుకున్నారు. మావిస్ చెయ్యెత్తగానే మైదానమంతా ఒక్క గొంతుతో "కానీ" అని కేక. ఆవిడ కావాలని చెయ్యెత్తి ఆపేది. వాళ్ళు ఎగిరెగిరి ఎదురుచూసేవాళ్ళు. ఆ చోటివ్వడం ఆవిడకి తెలుసు.

చివరికి బల్ల ఖాళీ అయింది. జనం ఇంకా కదల్లేదు. మేమొచ్చిన బండిలోంచి మా ఇంటి ఐసు డబ్బా తెచ్చాను.

"సాసేజీలు" అన్నాను మైకులో. "చాలా ఉన్నాయి."

క్లారీ నవ్వి నవ్వి గడ్డి మీద కూలబడ్డాడు.

సాయంత్రం ఎండ తగ్గాక గుడారాలు విప్పుతున్నారు. నేను చక్రం మరలు ఊడదీస్తున్నాను. మావిస్ కుర్చీలో కూచుని రిబ్బను ముక్కలు చుట్టుకుంటోంది, వచ్చే ఏడాదికి. ఫిలిపా గారు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు. మొహం కందిపోయింది. బుగ్గ మీద కేకు పూత అంటుకుని ఉంది, చూసుకోలేదు.

మా ముందు నిలబడి చక్రం వైపు చూశారు. ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు. చివరికి ఊపిరి వదిలి అన్నారు.

"ఈ ఊళ్ళో ఎండ చంపేస్తుంది, కానీ."

అక్కడితో ఆపేశారు. నేను కాసేపు చూశాను. ఇంకేమీ రాలేదు.

మావిస్ ఎడమ చెయ్యి చాపి, పక్కనున్న ఖాళీ కుర్చీని ఫిలిపా గారి వైపు లాగింది.